సూరకవి పీట

కోదండానికి వచ్చిన కష్టం ఇదీ: ఏడుసార్లు పీటెక్కాడు, ఏడుసార్లూ దింపేశారు.

దింపింది వరహాలమ్మగారు. ఆవిడ నాటకాల గురువు. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, మొక్కజొన్న పొత్తంత ఉండేది. కానీ గొంతెత్తి పద్యం అందుకుందంటే గోదావరి అవతలి ఒడ్డున మేస్తున్న గేదెలు తలెత్తి ఇటు చూసేవి. వయసులో ఉన్నప్పుడు ఎక్కువగా మగవేషాలే కట్టింది. మీసం పెట్టుకుని ఆవిడ కత్తి దూస్తే ముందు వరసలో కూచున్న పోలీసు జవాను లేచి సెల్యూట్ కొట్టాడు. ఒక్క ఊళ్ళో కాదు, మూడు ఊళ్ళలో. మూడు ఊళ్ళలోనూ వేరువేరు జవాన్లు.

ఆవిడ ఇల్లు పెదకొమ్మర రేవు పక్కన. ఇంటి వెనక ఉన్న తాటాకు పాకే బడి. అందులో ఏ రోజు చూసినా పన్నెండుమంది శిష్యులుండేవారు. వంట మాత్రం నలభైమందికి అయ్యేది, అదీ చాలేది కాదు.

వాళ్ళు నేర్చుకునేవన్నీ ఒక్క కవిగారి నాటకాలే. ఆయన పేరు చింతాడ సూరకవి. నూరేళ్ళ కిందట ఆ ఊళ్ళోనే ఉప్పు కొఠారులో గుమాస్తాగా ఉండేవాడు. ఉప్పు తూయించిన చేత్తోనే నాటకాలు రాశాడు, పదకొండు. వాటిలో ‘గవ్వల కిరీటం’ అన్నదాన్ని ఏటా ఊరి తీర్థానికి ఆడతారు. రాజ్యం పోగొట్టుకున్న రాజు పడవవాళ్ళలో వచ్చి దాక్కుంటాడు. అక్కడి పిల్లలు గవ్వలు గుచ్చి అతని నెత్తిన కిరీటం పెడతారు. కథంతే. దానికి ఏడవకుండా కూచుంటామని పందెం కట్టినవాళ్ళు కూడా మూడో అంకానికల్లా తువ్వాళ్ళు పిండుకునేవారు.

సూరకవి నాటకంలో మొహానికి రంగు వేసుకోవాలంటే ముందు పీటెక్కాలి. అది వరహాలమ్మగారి గురువు పెట్టిన పద్ధతి. గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పాక మధ్యలో చెక్కపీట వేస్తారు. ఒక శిష్యుడు ఉత్తరీయం కప్పుకుని దానిమీద కూచుంటాడు. కూచున్న క్షణం నుంచీ అతనే సూరకవి. తక్కినవాళ్ళు చుట్టూ చేరి ఏదైనా అడగొచ్చు. ఏ నాటకం ముందు రాశారు, ఎందుకు రాశారు, కొఠారులో పైవాడు తిట్టాడా, ఇంట్లో ఆవిడ తిట్టిందా, ఏదైనా సరే. కవిగారే చెప్పినట్టు జవాబు చెప్పాలి. వరహాలమ్మగారు గుంజకి ఆనుకుని కళ్ళు మూసుకుని వింటుంది. అందరూ నిద్రపోయిందనుకుంటారు. చివర కళ్ళు తెరిచి ఒక్క మాట అంటుంది. ‘ఉండు’ అంటే గట్టెక్కినట్టు. ‘దిగు’ అంటే మళ్ళీ ఇంకో గురువారం. ఎందుకు దిగమందో ఎప్పుడూ చెప్పదు.

కోదండానికి దిగడం మామూలు విషయం కాదు. అతని తండ్రి వీరన్నగారికి కోనసీమలో కొబ్బరిపీచు తాళ్ళ వ్యాపారం ఉంది. ఆ తాళ్ళన్నీ ముడేస్తే చంద్రుణ్ణి కట్టి కిందికి లాగొచ్చు. అంత వ్యాపారం ఒక్కగానొక్క కొడుకు వదిలేసి నాటకాలంటూ పోతానంటే ఆయన మూడేళ్ళు గడువిచ్చాడు. మూడో తీర్థానికి తనే వస్తానన్నాడు. రాజు వేషంలో కొడుకు కనిపిస్తే సరే, ఇక జన్మలో అడ్డు రానన్నాడు. కనిపించకపోతే వచ్చిన పడవలోనే వెనక్కి తీసుకుపోయి తాళ్ళ కొట్లో కూచోబెడతానన్నాడు. ఇది ఆ మూడో ఏడు. తీర్థం ఇంకా నెలన్నర ఉంది.

ఏడోసారి దిగాక కోదండం ఒక నిర్ణయానికొచ్చాడు. తనకి సూరకవి గురించి తెలిసింది చాలడం లేదు, అంచేతే దింపేస్తున్నారు. ఇంకా తెలుసుకోవాలి.

కాకినాడ వెళ్ళి గ్రంథాలయంలో పాత పత్రికలన్నీ తిరగేశాడు. తలుపులు మూసే వేళకి బయటికి పంపుతారని బల్ల కింద దూరి కూచున్నాడు. కొఠారు తాలూకు పాత దస్తరాలు పట్టుకుని దుమ్ములోనే మూడు రోజులున్నాడు. తుమ్మితే పక్కవీధిలో కిటికీలు కొట్టుకున్నాయి. సూరకవి ఏ చెయ్యితో రాసేవాడు, ఏ రోజు సెలవు పెట్టాడు, చెప్పులెంత పొడవు, అన్నీ రాసుకున్నాడు. అలా పధ్నాలుగు నోటుబుక్కులు నిండాయి. వాటిని రేవునుంచి మొయ్యడానికి బండి కావాల్సొచ్చింది. సూరకవిగారికి కూడా సూరకవి గురించి అంత తెలిసుండదు.

వచ్చిన గురువారమే ఎనిమిదోసారి పీటెక్కాడు.

ముందుగా సుభద్ర అడగడం మొదలెట్టింది. ఆ ఏడాదే ‘ఉండు’ అనిపించుకున్న పిల్ల, పడవవాడి పెళ్ళాం వేషం ఆమెది. ఆమె నాలుకతో పెన్సిళ్ళు చెక్కుకోవచ్చు. పీటమీద కూచున్నప్పుడు ఈ నాటకం ఎందుకు రాశారని అడిగితే ఆమె చాలాసేపు గోళ్ళు చూసుకుని, వానాకాలంలో కొఠారులో పనుండదు గదా అంది. దానికే వరహాలమ్మగారు ‘ఉండు’ అనేసింది. ఆ మాటకి ఏ దస్తరంలోనూ ఆధారం లేదని కోదండం నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు.

“కవిగారూ, ‘గవ్వల కిరీటం’ మొదటిసారి ఆడిన రోజున తమరెక్కడున్నారండీ?” అంది సుభద్ర.

“తెర పక్కన నుంచుని చూస్తున్నాను.”

“జనానికి నచ్చుతుందనుకున్నారా?”

కోదండం చిరునవ్వు నవ్వాడు. “నచ్చడమేమిటమ్మా. నూరేళ్ళు నిలుస్తుందని తెలుసు. పద్ధెనిమిది పట్టణాల్లో ఆడతారనీ, ఐదుసార్లు అచ్చు వేస్తారనీ తెలుసు.”

పాకంతా తలలూపింది. ఒకరిద్దరు కుర్రాళ్ళు ఆ మాటలు రాసుకున్నారు కూడా. తర్వాత ఎవరేమడిగినా అతను తడుముకోలేదు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు పూర్తయ్యేది. మూడో నాటకంలో పద్యాలెన్ని అంటే ఏ అంకంలో ఎన్నో విడదీసి మరీ చెప్పాడు.

చివర మస్తానయ్యగారు అడిగారు. ఆయన ఆ బడిలో హార్మోనియం వాయించే పెద్దాయన. వరహాలమ్మగారితో నలభై ఏళ్ళనుంచి ఉన్నారు. ఆయన మొహంలో నవ్వుందో లేదో ఆ గడ్డంలో వెతుక్కోవాలి.

“కవిగారూ, తమరు పోయిందెప్పుడండీ?”

“భాద్రపద బహుళ పంచమి, మంగళవారం, పొద్దున్న ఏడున్నరకి,” అన్నాడు కోదండం. “మూడు రోజుల జ్వరం. నా వెంట శ్మశానం దాకా రెండువేలమంది నడిచారు. ఇరవై ఏళ్ళ తర్వాత బజారులో నా విగ్రహం పెట్టారు. ముక్కు సరిగ్గా కుదరలేదు.”

ఆహా అన్నారు అందరూ. తిథితో సహా చెప్పాడే అని మెచ్చుకున్నారు. మస్తానయ్యగారు మాత్రం తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికెళ్ళిపోయారు. చాలాసేపటిదాకా లోపలికి రాలేదు.

వరహాలమ్మగారు కళ్ళు తెరిచింది.

“దిగు నాయనా.”

ఆ సాయంత్రం కోదండం వంటింటి గుమ్మం దగ్గర నుంచున్నాడు. ఆవిడ ముందు గోంగూర కట్టలు కొండలా పోసి ఉన్నాయి. ఆవిడ ఒక్కో కాడే దూస్తోంది. అతను పధ్నాలుగు నోటుబుక్కులూ తెచ్చి గడప మీద పెట్టాడు. గడప కొంచెం కిందికి దిగింది.

“వీటిలో ఒక్క తప్పు చూపించండమ్మా. పాక ఊడ్చుకుంటూ బతికేస్తాను.”

“తప్పొక్కటీ లేదురా,” అందావిడ. “నువ్వు చెప్పింది ప్రతీదీ నిజమే.”

“మరి?”

ఆవిడ ఇంకో నాలుగు కాడలు దూసింది. తర్వాత ‘గవ్వల కిరీటం’ రాతప్రతి సంగతి ఎత్తింది. అందులో రెండో అంకంలో ఒక కాగితం లేదు, తెలుసా అని అడిగింది. కోదండానికి తెలుసు. నలభై ఒకటో కాగితం. అచ్చుకెక్కకముందే చెదలు తినేశాయి. ఏ ఏడు తిన్నాయో కూడా చెప్పగలడు. ఆ కాగితంలో పడవవాడి పెళ్ళాం మాట్లాడాలి. ఎవరో తెలియని మనిషి వచ్చి గంజి తాగి పక్కకెళ్ళి పడుకుంటాడు. ఆ వచ్చినవాడు రాజని ఆమె కనిపెట్టేస్తుంది. ఎలా కనిపెట్టిందో, ఏమనుకుందో చెదలకే తెలుసు. ఆ మాటలు లేవు గనక అక్కడ సుభద్ర నుంచుని ఊరికే రేవు వైపు చూస్తుంది, హార్మోనియం మోగుతుంది. తరతరాలుగా అంతే.

“అయితే నువ్వు రాయి,” అంది వరహాలమ్మగారు. “పన్నెండు పంక్తులు చాలు. తీర్థం రోజున సుభద్ర చేత చెప్పిస్తాను.”

కోదండం గడప మీది నోటుబుక్కుల వైపు చూశాడు.

“రాజు వేషం?”

“ఈ ఏడు నేనే కడతాను.”

వీరన్నగారు వస్తారని ఆవిడకి తెలుసు. ఎందుకొస్తున్నారో కూడా తెలుసు. ఆవిడ గోంగూర కాడలు పక్కకి నెట్టి ఆకు బుట్టలో వేసింది.

కోదండం ఆ వారం తన పెట్టె మూడుసార్లు సర్దాడు, మూడుసార్లు విప్పాడు. పోదామంటే ఒకటే అడ్డొచ్చింది. సూరకవి కాగితం పక్కన తన కాగితం ఉంటుంది. ఆ పని చెయ్యడానికి తనకన్నా తగినవాడు ఈ భూమ్మీద ఎవరున్నారు? పధ్నాలుగు నోటుబుక్కులున్నాయి. పన్నెండు పంక్తులెంత?

పొద్దున్న కూచుని మధ్యాహ్నానికల్లా అరవై రాసేశాడు. పద్యాలు, సీసాలు, వాటి కింద గీతాలు. అందులో పడవవాడి పెళ్ళాం రాజుని చూసి సూర్యవంశంతో మొదలెట్టి సముద్రం దాకా వెళ్ళింది. వరహాలమ్మగారు కాగితాలు సుభద్ర చేతికిచ్చి చదవమంది. సుభద్ర మొదటి సమాసం మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుంది, చివర ఇంకోసారి తీసుకుంది. నాలుగో పంక్తికి దగ్గొచ్చింది. మంచినీళ్ళు తాగి కోదండం వైపు తిరిగింది.

“ఈవిడ పడవవాడి పెళ్ళామాండీ, ఆస్థాన పండితుడి మేనత్తాండీ?”

వరహాలమ్మగారు నవ్వలేదు, కోప్పడలేదు. ఆ కాగితాలు అతనికి తిరిగిచ్చేసింది.

తర్వాత అతను రాసినవి చింపాడు, చింపినవి రాశాడు. ఆ చిత్తు కాగితాలతో గాడిపొయ్యి పదిహేను రోజులు వెలిగింది, వంటమనిషి కట్టెలు కొనడం మానేసింది. నోటుబుక్కులన్నీ మళ్ళీ వెతికాడు. గంజి పోసిన ఆడమనిషి ఏమనుకుంటుందో వాటిలో ఎక్కడా లేదు. సూరకవి చెప్పుల పొడవుంది గానీ అది లేదు.

తీర్థం ఇంకా నాలుగు రోజులుందనగా, చిరాకుతో పొద్దున్నుంచీ ఏమీ తినకుండా రేవులో తిరిగాడు. మధ్యాహ్నం ఎండకి కళ్ళు తిరిగి ఒక పడవ అంచున కూలబడ్డాడు. పడవలో ఉన్నావిడ పిల్లలకి గంజి పోస్తోంది. ఇతని మొహం చూసి ఏమీ అడక్కుండా ఒక ముంత అందించింది. కోదండం అది ఎత్తి, ఖాళీ అయ్యేదాకా దించలేదు. గోదావరి నీళ్ళు కూడా అతన్ని చూసి ఒక అడుగు వెనక్కి జరిగాయి.

ఆవిడ అతని వైపు కాసేపు చూసింది.

“బాబుగారికి ఆకలెయ్యడం ఇదే మొదలు కాబోలు,” అంది.

కోదండం ముంత తిరిగిచ్చాడు. పక్కన పిల్లలు తమ ముంతల్లో వేళ్ళు ముంచి నాక్కుంటున్నారు. ఎవరూ తొందరపడటం లేదు. అతను వాళ్ళు తాగడం పూర్తయ్యేదాకా అక్కడే కూచున్నాడు. తర్వాత ఇంటికొచ్చి పన్నెండు పంక్తులు రాశాడు. పద్యం కాదు, ఉత్త మాటలు. సుభద్రకిచ్చాడు. ఆమె చదువుకుంది. ఈసారి దగ్గలేదు, ఏమీ అనలేదు కూడా. ఆమె ఏమీ అనకపోవడం అదే మొదటిసారి గనక అతనికి భయమేసింది.

తీర్థం వచ్చింది. పెదకొమ్మరలో నాటకం మధ్యాహ్నం ఆడతారు. లంక గ్రామాల జనం వెలుగుండగానే రేవు దాటాలి గనక అక్కడ అదే అలవాటు. ఆ రోజు వచ్చిన పడవలకి గోదావరి కనిపించలేదు. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి పడవల మీదుగా నడిచి పోవచ్చు. ఊరు జనం బరువుకి ఒక పక్కకి ఒరిగింది.

వీరన్నగారు కూడా దిగారు. చేతిలో సంచి, భుజాన తువ్వాలు. ఏ వేషం కట్టావని కొడుకుని అడిగారు. కోదండం వేషం లేదన్నాడు. పన్నెండు పంక్తులు రాశానన్నాడు. ఆయన కొడుకు వైపు కిందినుంచి పైదాకా చూసి, తిరుగు పడవ పొద్దుండగానే బయల్దేరుతుందని చెప్పి, ముందుకెళ్ళి జనంలో కూచున్నారు.

నాటకం మొదలైంది. వరహాలమ్మగారు మీసం పెట్టి, తలపాగా చుట్టి, మొక్కజొన్న పొత్తు లాంటి మనిషి మర్రిమానంత రాజై రంగం మీదకొచ్చింది. మొదటి పద్యానికే పందిరి మీది తాటాకులు రెండు జారి కింద పడ్డాయి. రాజ్యం పోయింది. మొదటి అంకం అయిపోయింది.

రెండో అంకంలో కోదండం పక్కతెర వెనక నుంచున్నాడు. తెరకి కంటి ముందు ఒక చిరుగుంది. అందులోంచి జనం కనిపిస్తారు. రాజు పడవవాడి గుడిసెకొచ్చాడు. సుభద్ర గంజి పోసింది. రాజు ఎత్తి తాగేసి, పడుకోవడానికి పక్కకెళ్ళాడు. అంటే వరహాలమ్మగారు తెర వెనక్కొచ్చి కోదండం పక్కన నుంచుంది. చెమటకి రంగు కారుతోంది.

రంగం మీద సుభద్ర ఒక్కతే మిగిలింది. మస్తానయ్యగారు హార్మోనియం మీదినుంచి చేతులు తీసేశారు.

కోదండం చిరుగులోంచి చూశాడు. జనం లేస్తున్నారు.

అతనికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తాతముత్తాతల నాటినుంచీ ఇక్కడ మాటల్లేవు, హార్మోనియమే ఉంది. ఇది చుట్ట ముట్టించుకునే వేళ. పిల్లల్ని పక్కకి తీసుకెళ్ళే వేళ. ఆ అంకంలో ఎప్పుడు లేవాలో ఆ ఊరి జనం కాళ్ళకే తెలుసు. సుభద్ర నోరు తెరిచేసరికే నాలుగువేలమంది సగం లేచి మోకాళ్ళమీద ఉన్నారు.

“ఎవరో వచ్చాడు. గంజి పోశాను,” అంది సుభద్ర. “ఉప్పుందో లేదో అడగలేదు. కుండెత్తి ఒక్క గుక్కలో తాగాడు.”

వెనక వరసలవాళ్ళు బయటికి పోతున్నారు. మూడో వరసలో పచ్చచీర కట్టుకున్న ఒకావిడ పిల్లాణ్ణి చంకనేసుకుని నుంచుంది.

“కవిగారూ,” అంది పక్కనుంచి వరహాలమ్మగారు, మెల్లిగా.

కోదండం తల తిప్పలేదు. “ఊఁ.”

“జనానికి నచ్చుతుందంటారా?”

“తెలీదండీ.”

“ఎన్నేళ్ళు నిలుస్తుంది?”

“ఆ పచ్చచీర ఆవిడ ఉంటుందో లేదో తెలియడం లేదండీ. లేచింది. వెళ్ళిపోయేలా ఉంది.”

“వెళ్ళనీండి. జనం వేలల్లో ఉన్నారు.”

“రెండు ముక్కలు వినెళ్ళొచ్చు గదండీ.” అతని గొంతు పిల్లి గొంతులా అయిపోయింది. “పిల్లాడు ఏడుస్తున్నాడు కాబోలు. పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది.”

“తర్వాతి మాటేమిటి?”

“మర్చిపోయానండీ.”

పదకొండు నాటకాలు వెనకనుంచి ముందుకి అప్పజెప్పేవాడు తన పన్నెండు పంక్తుల్లో అయిదోది మర్చిపోయాడు. రెండు చేతులతో తెర గుడ్డ పట్టుకున్నాడు. ఆ గుడ్డ తర్వాత ఎన్ని ఇస్త్రీలు చేసినా ఆ ముడతలు పోలేదు.

సుభద్ర మర్చిపోలేదు.

“మా ఆయనకి రోజూ ఆకలే. మెల్లిగా తాగుతాడు. అయిపోతుందని తెలుసు గనక మెల్లిగా తాగుతాడు. మా పిల్లలూ అంతే, వేలు ముంచి నాకుతూ పొద్దు పుచ్చుతారు.”

పచ్చచీర ఆవిడ ఆగింది. కూచోలేదు. పిల్లాడు ఆవిడ చెవికమ్మ పట్టుకు లాగుతున్నాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని అలాగే నుంచుంది.

“ఇతను అలా కాదు. ఇతనికి ఆకలి కొత్త. అన్నం అయిపోతుందని ఇంతవరకూ ఇతనికి ఎవరూ చెప్పలేదు. ఎవరో గొప్పింటివాడు. రాజంతటివాడు.” సుభద్ర ఖాళీ కుండ చేతిలోకి తీసుకుంది. “పాపం, రేపటినుంచి నేర్చుకుంటాడు.”

అయిపోయింది.

చప్పట్లు లేవు. ఎవరో దగ్గారు. బయటికెళ్ళినవాళ్ళు చుట్టలతో తిరిగొస్తున్నారు. మస్తానయ్యగారి వేళ్ళు ఆలస్యంగా హార్మోనియం మీదకొచ్చాయి, రెండో అంకం ముగిసింది. పచ్చచీర ఆవిడ ఇంకో క్షణం ఉండి, కళ్ళు తుడుచుకుందో చెమట తుడుచుకుందో, పిల్లాణ్ణెత్తుకుని జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయింది.

కోదండం అప్పుడు తల తిప్పాడు. అతని నుదురు మీద తెర నేత పడింది. వేషం కట్టకుండానే వేషం కట్టినవాడికన్నా ఎక్కువ చెమట పట్టాడు.

“బాగుందాండీ?”

వరహాలమ్మగారు మీసం ఊడదీస్తోంది. పద్యనాటకాల్లో ఒక పెద్ద వేషాన్ని ఇద్దరు పంచుకోవడం మామూలే. మొదటి రాజు, రెండో రాజు అంటారు. మొదటి రాజు అలిసిపోతే మిగతా అంకాలు రెండో రాజు ఆడతాడు. ఆవిడ ఆ తడిమీసాన్ని కోదండం పెదవి మీద పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కింది. తలపాగా తీసి అతని తలకి పెట్టింది. రాజుగారి పైగుడ్డ అతని భుజాల మీద వేసింది. ఆవిడకి మోకాళ్ళ దాకా వచ్చిన ఆ గుడ్డ అతనికి నడుం దగ్గరే ఆగిపోయింది.

“మూడో అంకం నీది.”

కోదండం ఆవిడ చెయ్యి వదల్లేదు. బయట వీరన్నగారున్నారని, ఇప్పుడు వెళ్తే ఇక జన్మలో తాళ్ళ కొట్లో కూచోనక్కర్లేదని అతనికి గుర్తున్నట్టు లేదు.

“అది ముందు చెప్పండమ్మా. బాగుందా, లేదా?”

మస్తానయ్యగారు శ్రుతి అందించారు. అవతల జనం సర్దుకుంటున్నారు.

“సూరకవికి ఎవరు చెప్పారు నాయనా?” అని వరహాలమ్మగారు తెర పక్కకి లాగింది.

కోదండం ఆవిడ చెయ్యి వదిలేశాడు. వెలుగులోకి నడిచాడు.